గాలిలో తేలే దేవుడి రాళ్లు: పని డైరీ

థర్మకోల్ రాళ్లు గాల్లో వేలాడే ఇలాంటి బొమ్మ చేయబోయేవాళ్లు ముందుగా ఇది చదివితే కనీసం వెయ్యి రూపాయలు, రెండు నెలల ఆదివారాలు మిగులుతాయి. నాకు మిగలలేదు.

కథ నాది కాదు, మా మేనకోడలిది. తొమ్మిదో తరగతి. నోటుబుక్కులో ఒక లోకాన్ని రాసుకుంటోంది. ఆ లోకంలో దేవుడు చనిపోయాడు. దేహం రాయై, ముక్కలై, ఎండిన మైదానం మీద ఆకాశంలో తేలుతూ ఉంది. కింద జనం ఆ రాళ్ల నీడ పడే చోట పంట వేసుకుంటారు, నీడ జరిగితే ఊరు ఎత్తుకుని వెంట నడుస్తారు. దేవుడికి పేరు లేదు. పేరు మరిచిపోయారు కాబట్టే చనిపోయాడట. నాకు నల్లగొండలో ఫొటో ఫ్రేముల దుకాణం ఉంది. వెనక గదిలో చోటుంది, కత్తులున్నాయి, చెక్క ముక్కలున్నాయి. బొమ్మ చేసే పని నా మీద పడింది.

ఆమె పెట్టిన షరతులు మూడు. డైరీ అంతా వీటితో పెట్టుకున్న తగవే.

1. రాళ్లు దేనికీ ఆనినట్టు కనిపించకూడదు.
2. తల ఎప్పుడూ తన మొండెం వైపే చూస్తూ ఉండాలి.
3. కదలాలి. కదులుతున్నట్టు మాత్రం తెలియకూడదు. కాసేపు చూపు తిప్పుకొని మళ్లీ చూస్తే జరిగినట్టు తెలియాలి.

మొదటి దశ: బొమ్మలా విరిగిన దేవుడు (1 నుంచి 3 వారాలు)

రెండంగుళాల థర్మకోల్ షీట్లు ఆరు తెచ్చి, ఫెవికాల్‌తో ఒకదాని మీద ఒకటి అతికించి దిమ్మ చేశాను. ఇక్కడే మొదటి పాఠం. రెండు థర్మకోల్ పలకల మధ్య ఫెవికాల్ ఆరదు, గాలి తగలదు కదా. మర్నాడు కోస్తే లోపల పాలలా ఉంది. మూడు రోజులు బరువు పెట్టి వదిలేయాలి. పలకలకు పుల్లతో అక్కడక్కడ రంధ్రాలు పొడిస్తే రెండు రోజుల్లో ఆరింది.

దేవుణ్ణి నిండుగా చెక్కాను. తర్వాత మెడ దగ్గర, భుజాల దగ్గర, మోచేతుల దగ్గర, మోకాళ్ల దగ్గర కోసి ముక్కలు చేశాను. పదకొండు ముక్కలు. తాళ్లకు కట్టి తాత్కాలికంగా వేలాడదీసి ఇంటికి ఫోను చేశాను. మేనకోడలు వచ్చి చూసి, చాలాసేపు ఏమీ అనలేదు.

"మామయ్యా, ఎవరో చంపి ముక్కలు చేసినట్టుంది," అంది.

నిజమే. బొమ్మ కీళ్లు ఊడదీసినట్టుంది. అందులో రాయి లేదు, కసాయితనం ఉంది.

కోపంతో ఇంకో తప్పు చేశాను. రంగు పడితే రాయిలా కనిపిస్తుందేమోనని డబ్బా స్ప్రే కొట్టాను, బూడిద రంగు. స్ప్రే రంగులో ఉండే ద్రావకం థర్మకోల్‌ను తినేస్తుంది. ఈ సంగతి నాకు తెలుసు. ఇరవై ఏళ్లుగా శుభకార్యాల బోర్డులు చేస్తున్నవాడికి తెలియకుండా ఎలా ఉంటుంది? అయినా కొట్టాను. ముక్కు కుంగింది, చెంప మీద వేలు దూరేంత గుంత పడింది. ఒక డబ్బా అయిపోయింది, రెండోది అప్పటికే తెరిచాను కాబట్టి దుకాణంవాడు తిరిగి తీసుకోలేదు.

ఇప్పటిదాకా ఖర్చు: థర్మకోల్ 540, ఫెవికాల్ 160, కత్తి బ్లేడ్లు 40, స్ప్రే 500. మొత్తం రూ. 1,240.

రెండో దశ: రాయి ఎక్కడ విరుగుతుంది (4, 5 వారాలు)

ఈ రెండు వారాలు చేతిపని ఏమీ చేయలేదు, తిరిగాను. డైరీలో ఇదే ముఖ్యమైన భాగం.

ముందు పానగల్లు వెళ్లాను. ఊరికి పక్కనే, పచ్చల సోమేశ్వరాలయం ఆవరణలో మ్యూజియం ఉంది. విరిగిన విగ్రహాలను చూడాలన్నది నా ఆలోచన. విరిగిన తీరు చాలావాటిలో ఒకటే: ముక్కు, చేతులు, చేతుల్లోని ఆయుధాలు. ముందుకు పొడుచుకొచ్చినవి దెబ్బకు పోతాయి, వెనక పలకకు ఆని ఉన్నవి మిగులుతాయి. విగ్రహానికి అది సరిపోతుంది. మా దేవుణ్ణి ఎవరూ చెక్కలేదు, ఎవరూ సుత్తితో కొట్టలేదు. ఆయన ఒళ్లే రాయి అయింది.

తర్వాత లతీఫ్ సాహెబ్ గుట్ట మెట్లెక్కాను. ఊళ్లో పుట్టినవాణ్ణే, ఎన్నిసార్లు ఎక్కి ఉంటానో లెక్కలేదు. ఈసారి పగుళ్ల కోసం చూస్తూ ఎక్కాను. మన వైపు నల్లరాయీ బూడిదరాయీ గులాబీరాయీ అంటాం గానీ, ఎక్కువ భాగం గ్రానైటే. అది రెండు రకాలుగా విడిపోతుంది. ఒకటి, బండ పైతలానికి సమాంతరంగా ఉల్లిపొరల్లా లేచే పెచ్చులు. రెండు, నిలువుగా, అడ్డంగా తిన్నగా సాగిపోయే పగుళ్లు. ఆ పగుళ్ల వెంట వానా ఎండా పనిచేసి అంచులు గుండ్రబడితేనే మనం చూసే గుండ్లు ఏర్పడతాయి. పగులు ఒక గుండులో మొదలై, పక్క గుండులో అదే వరుసలో కొనసాగుతుంది. మధ్యలో ఏముందో దానికి పట్టదు.

గుట్ట దిగువన రాళ్లు కొట్టే పెద్దాయన ఒకరు కనిపిస్తే అడిగాను. వరుసగా రంధ్రాలు వేసి, ఉక్కు మేకులు దిగ్గొట్టి, ఒక్కో దాన్ని రెండు మూడు దెబ్బల చొప్పున కొడుతూ పోతున్నాడు. "రాయికి వాటం ఉంటుంది సారూ. మనం గీసిన గీత దానికి నచ్చకపోతే అది తన దారిన పోతుంది," అన్నాడు.

నేను చేసిన తప్పు అక్కడ తెలిసింది. దేవుణ్ణి దేహం కీళ్ల దగ్గర విరిచాను. రాయికి మోచేయి తెలియదు. పగులు కంటి మీదుగా పోతుంది, ఛాతీని ఏటవాలుగా కోస్తుంది, అరచేతిలో సగం వేళ్లను వదిలేసి సగం తీసుకుపోతుంది.

మూడో దశ: మళ్లీ కోత (6 నుంచి 8 వారాలు)

కొత్త షీట్లు నాలుగు తెచ్చాను. ఈసారి పదకొండు ముక్కలు వద్దనుకున్నాను. తల, ఛాతీ, ఎడమ అరచేయి, ఈ మూడే పెద్దవి. మిగతా దేహం పోయింది, ఎక్కడో తేలుతోంది అనుకోవాలి. మొదటి దేవుడిలో పనికొచ్చిన సగంతో చిన్న పెచ్చులు ఇరవై రెండు చేశాను.

కోతకు వేడి తీగ వాడాను. 0.2 మి.మీ. నైక్రోమ్ తీగ, 12 వోల్టుల 2 ఆంపియర్ల అడాప్టర్. తీగ 30 సెం.మీ. పెడితే మరీ వేడెక్కి పొగ వచ్చింది, కోత వెడల్పై గాడి పడింది. 40 సెం.మీ. చేశాక సరిపోయింది. తీగ పొడవు పెరిగితే నిరోధం పెరుగుతుంది, కరెంటు తగ్గుతుంది, అంతే. ఆ పొగ ఒంటికి మంచిది కాదు. ఆరుబయట కోయండి. నేను దుకాణం వెనక వేపచెట్టు కింద కోశాను.

కోత క్రమం:

1. తల, ఛాతీ, చేయి ఒకే దిమ్మలో, అవి దేహంలో ఉండాల్సిన చోటే గీయాలి. విడివిడిగా చెక్కకూడదు.
2. దిమ్మ మొత్తం మీద మూడు సరళరేఖలు గీయాలి, నుదుటి నుంచి అరచేతి దాకా. అవే పగుళ్లు.
3. ముందు ఆ రేఖల వెంట కోయాలి. ముఖం చెక్కడం ఆ తర్వాత.
4. బయటి అంచులు గుండ్రంగా అరగదీయాలి, పగులు అంచులు పదునుగా ఉంచాలి. అన్నీ గుండ్రబడితే లడ్డూలు అవుతాయి.

రెండో మెట్టు లేకపోతే ఈ పనే లేదు. ముక్కలు ఎంత దూరం జరిగినా తల మీది పగులూ చేతి మీది పగులూ ఒకే గీతలో ఉన్నాయని కన్ను పట్టేస్తుంది. ఒకప్పుడు ఇదంతా ఒకే ఒళ్లు అని చెప్పడానికి ఇంకేమీ అక్కర్లేదు.

మేనకోడలు ఈసారి ముఖం ముందు కూర్చుని, కుడి కన్ను మీదుగా పోయిన పగులును వేలితో తడిమింది. "ఇది నొప్పిగా లేదు, పాతగా ఉంది," అంది. సరే, పాసయ్యాను.

ఖర్చు: షీట్లు 360, తీగ 50. అడాప్టర్ ఇంట్లోదే. ఇప్పటిదాకా మొత్తం రూ. 1,650.

నాలుగో దశ: చర్మం, రంగు (9 నుంచి 12 వారాలు)

థర్మకోల్‌లోని గుండ్రటి గింజలు ఎక్కడ కనిపించినా గుట్టు రట్టే. వాటిని కప్పాలి, కానీ బరువు పెరగకూడదు. తల మీద మొదట గోడపుట్టీ నేరుగా పూశాను. ఆరాక తూస్తే 340 గ్రాములు. ఉత్త థర్మకోల్ తల 108 గ్రాములే. పైగా రెండు రోజుల్లో పుట్టీ పగిలి రాలింది, కింద మెత్తగా ఉంటే పైన పెళుసు నిలవదు. అంతా గీకేశాను.

రెండోసారి చేసిన పద్ధతి:

1. ఫెవికాల్, నీళ్లు సమపాళ్లలో కలిపి పలచటి టిష్యూ కాగితం రెండు పొరలు. ఆరాక తల 131 గ్రాములు.
2. పుట్టీలో మూడో వంతు ఫెవికాల్ కలిపి, బ్రష్‌తో మజ్జిగలా పలచగా రెండు పూతలు.
3. రెండో పూత సగం ఆరినప్పుడు అసలు గ్రానైట్ ముక్కతో అద్దడం. బండ మీద బండ గుర్తే పడుతుంది. నలిపిన అల్యూమినియం రేకు కూడా పనిచేస్తుంది గానీ ప్రతిచోటా ఒకేలా ఉంటుంది. ఇక్కడికి తల 193 గ్రాములు.

రంగు దగ్గర ఇంకో తప్పు. గ్రానైట్ అంటే గింజలు గింజలుగా ఉంటుంది కదా అని బూడిద రంగు మీద పాత పళ్లబ్రష్‌తో నలుపు, తెలుపు, గులాబీ చుక్కలు చిమ్మాను. అచ్చం వంటగట్టు బండలా తయారైంది. స్టవ్ పెట్టుకోవచ్చు.

కొలత వేసి చూస్తే కారణం దొరికింది. బొమ్మలో 1 సెం.మీ. అంటే కథలో 10 మీటర్లు. తల పొడవు 30 సెం.మీ., అంటే 300 మీటర్లు. భువనగిరి కోట ఉన్న ఏకశిల ఎత్తు దాదాపు 500 అడుగులు, ఈ కొలతలో 15 సెం.మీ. మా దేవుడి తల అలాంటి శిలలు రెండు. భువనగిరి బండను బస్సులోంచి చూస్తే గింజ కనిపిస్తుందా? కనిపించేవి నల్లటి నీటి చారలు, పగుళ్లలో పొదలు, పెచ్చు ఊడిన చోట లేత రంగు మచ్చలు. చుక్కలన్నీ చెరిపేసి ఆ మూడే వేశాను. చారలు పైనుంచి కిందికి, నీళ్లు పారే దారిలోనే ఉండాలి. నుదుటి నుంచి మొదలై, కనురెప్ప మీద చీలి, చెంప మీదుగా జారాయి. ఏడుస్తున్నట్టుందని ఇంట్లో అన్నారు. నేను వేసింది వాననీటి చారలే.

ఛాతీ మీద ఒక దొన పెట్టమని షరతులకు తోడు ఒక విన్నపం. గుట్టల మీద వాననీళ్లు నిలిచే దొనలు మేనకోడలికి బాగా ఇష్టం. కథలో ఆ దొన నిండి పొర్లితే కింద ఊరికి జల్లు. నీటి మెరుపు కోసం నేను లేనప్పుడు గోళ్లరంగు, రంగులేనిది, పోసింది. అదీ ద్రావకమే. పుట్టీలో ఎక్కడో సూదిమొనంత సందు దొరికింది దానికి. తెల్లారేసరికి దొన అడుగు లేదు, లోపల నిమ్మకాయంత బొక్క. తిట్టే అర్హత నాకు లేదు, స్ప్రే డబ్బాలు ఇంకా అరలోనే ఉన్నాయి. కాగితంతో పూడ్చి, నీటితో కలిసే వార్నిష్ మూడు పూతలు వేశాం.

పుట్టీ, రంగు కలిపే స్టెయినర్లు 195, వార్నిష్ 180. మొత్తం రూ. 2,025.

ఐదో దశ: తూకం (13 నుంచి 16 వారాలు)

అమరిక ఇది. పైకప్పు కొక్కెం నుంచి ఒక దారం, దానికి 90 సెం.మీ. పెద్ద కడ్డీ. కడ్డీకి ఒక కొసన తల. రెండో కొసన 40 సెం.మీ. చిన్న కడ్డీ, దానికి ఒకవైపు ఛాతీ, ఇంకోవైపు అరచేయి. రెండు కడ్డీలూ సన్నటి అల్యూమినియం గొట్టాలు, గోడరంగు పూశాను. పెచ్చులు విడిగా, పైన బిగించిన తీగవల నుంచి ఒక్కొక్కటి ఒక్క దారంతో.

నేను చేసిన తొందరపాటు: రంగు వేయకముందే బరువులు తూచి, లెక్కవేసి, గొట్టాలకు రంధ్రాలు వేసేశాను. రంగులు పడ్డాక అన్నీ మారాయి. పెద్ద గొట్టానికి ఇప్పుడు నాలుగు రంధ్రాలున్నాయి, ఒక్కటీ పనికిరాదు. రంధ్రం వేయకండి. బిగుతైన రింగు తొడిగి జరుపుకోండి.

చివరి బరువులు: తల 210, ఛాతీ 180, అరచేయి 90, చిన్న కడ్డీ 15, పెద్ద కడ్డీ 45. మొత్తం 540 గ్రాములు.

లెక్క చిన్నప్పటి తక్కెడ లెక్కే, బరువును దూరంతో గుణిస్తే రెండువైపులా సమానం కావాలి. కడ్డీ బరువు మరిచిపోతే దారం కట్టే చోటులో తేడా ఎంతో చూడండి:

1. చిన్న కడ్డీ: బరువు కలపకపోతే ఛాతీ నుంచి 13.3 సెం.మీ., కలిపితే 13.7.
2. పెద్ద కడ్డీ: కలపకపోతే తల నుంచి 51.8 సెం.మీ., కలిపితే 51.25.

ఐదు మిల్లీమీటర్లే కదా అనుకున్నాను. ఆ ఐదు మిల్లీమీటర్లకే తల కొస కిందికి దిగి, దేవుడు తల వేలాడేసినట్టయింది.

దారం సంగతి. మొదట నైలాన్ గాలం దారం, కంటికి ఆనదని. బరువుకు అది రోజురోజుకూ సాగుతుంది. వారంలో తల 9 మి.మీ. దిగింది. అల్లిన గాలం దారానికి మార్చాను, అది నిలిచింది. ముదురు బూడిద రంగు అయినా గోడ ముందు కనబడదు.

రెండో షరతుకు ఒక్క దారం చాలదు, తల గిర్రున తిరుగుతుంది. తలను రెండు దారాలతో కట్టాలి. దారాల మధ్య దూరం 6 సెం.మీ. పెడితే గాలికి ముఖం బాగా పక్కకు తిరిగిపోయింది. 12 సెం.మీ. చేసి, రెండు దారాలూ కడ్డీ పొడవునే ఉండేలా కడితే ముఖం కొంచెం అటూ ఇటూ ఊగి మళ్లీ మొండెం వైపే వస్తుంది. ఛాతీకి, చేతికి ఒక్కొక్కటే. అవి తిరగనివ్వండి. ఛాతీ తిరిగిపోతూ ఉంటే తల దాని వైపే చూస్తూ ఉండటం చూశాక, ఆ షరతు పిల్ల ఎందుకు పెట్టిందో నాకు అర్థమైంది.

చేయి పైకొక్కెం నుంచి 65 సెం.మీ. దూరం దాకా వెళ్లి వస్తుంది, దాని సొంత వెడల్పు అదనం. గోడకు 80 సెం.మీ. ఖాళీ వదలాలి. బీరువాకు తగిలి దేవుడి చిటికెన వేలు పోయింది. అతికించలేదు.

గొట్టాలు 150, నైలాన్ 60, అల్లిన దారం 220, తిరుగుడు కొక్కేలు 75. మొత్తం రూ. 2,530.

ఆరో దశ: కదలిక (17, 18 వారాలు)

మైక్రోవేవ్ ఓవెన్‌లో పళ్లెం తిప్పే మోటారు కొన్నాను. నిమిషానికి ఐదారు చుట్లు. దేవుడి శేషాలు ఉయ్యాల మీద కట్టే గిలకల్లా తిరిగాయి. పైగా ఆ మోటారు స్విచ్ వేసిన ప్రతిసారీ ఏ వైపు తిరుగుతుందో దాని ఇష్టం. మూడో షరతు రెండు రకాలుగా పోయింది. మోటారు పీకేశాను. రూ. 180 దండగ, మొత్తం రూ. 2,710.

గాలి చాలు. కానీ ఏ గాలి? ఏప్రిల్‌లో నల్లగొండలో సీలింగ్ ఫ్యాను ఆపి పనిచేసే మనిషి ఎవరు? ఫ్యాను కింద పెచ్చులన్నీ ఒకదానికొకటి చిక్కుపడ్డాయి, విప్పడానికి ఒక ఆదివారం పట్టింది. చివరికి తేలింది ఇది: సీలింగ్ ఫ్యాను ఆపాలి, టేబుల్ ఫ్యానును గోడవైపు తిప్పి అన్నిటికన్నా తక్కువ వేగంలో పెట్టాలి. గోడకు కొట్టి తిరిగొచ్చే గాలికి పెద్ద కడ్డీ ఒక చుట్టు తిరగడానికి నాలుగు నిమిషాలు పడుతోంది. పైకొక్కెం దగ్గర చవక తిరుగుడు కొక్కెం పెడితే అరకిలో బరువుకు బిగిసి, ఆగి, ఒక్కసారి జర్రున జారేది. లోపల బంతులున్న రకం పెట్టాక ఆ కుదుపు పోయింది.

ఏడో దశ: నేల, నీడ (19 నుంచి 21 వారాలు)

కింద నాలుగడుగులు, మూడడుగుల ప్లైవుడ్. జల్లించిన చెల్క మట్టి, ఫెవికాల్ నీళ్లు. మొదట 4 సెం.మీ. తాటిచెట్లు నాటాను, చూడటానికి ముచ్చటగా ఉన్నాయి. మా కొలతలో అవి 40 మీటర్ల చెట్లు. వాటి పక్కన దేవుడి తల ఒక పెద్ద గుండులా మాత్రమే కనిపించింది. అన్నీ పీకి, చీపురుపుల్ల ముక్కలకు పచ్చ ఊలు తుంపులు అంటించి 8 మి.మీ. చెట్లు అరవై చేశాను. కళ్లు పోయాయి గానీ, తల ఒక్కసారిగా కొండంత అయింది. తలను ముట్టుకోలేదు, చెట్లను తగ్గించానంతే.

నీడ ఇంకో తగవు. మామూలు ఎల్‌ఈడీ బల్బు గోళం వెడల్పు 6 సెం.మీ., నీడ అంచు మూడు సెంటీమీటర్ల మేర మసక. చుక్కంత వెలుగు ఉన్న 3 వాట్ల ఎల్‌ఈడీ పెడితే అంచు తేరింది. దాన్ని నేల నుంచి 150 సెం.మీ. ఎత్తులో పెట్టినప్పుడు, 70 సెం.మీ. ఎత్తున ఉన్న తల నీడ 56 సెం.మీ. అయి ఊరంతా మింగేసింది. 220 సెం.మీ.కి లేపితే 44 సెం.మీ.కి వచ్చింది.

అయినా నీడ చిక్కగా లేదు. పానగల్లులోనే ఉన్న ఛాయా సోమేశ్వరాలయం గుర్తొచ్చి ఇంకోసారి వెళ్లాను. ఒకప్పుడు ఈ ప్రాంతాన్ని ఏలిన కందూరు చోడుల కాలపు గుడి. గర్భగుడిలో స్తంభంలాంటి నీడ ఒకటి పగలంతా కదలకుండా ఉంటుంది. ఎండ నేరుగా పడి ఏర్పడే నీడ అయితే పొద్దుతో పాటు జరగాలి. అక్కడికి చేరేది స్తంభాల పక్కల నుంచి చెదిరి వచ్చే వెలుగు. అక్కడ నిలబడితే నా గదిలో తప్పేమిటో తోచింది. నా దీపానిది కాదు తప్పు, సున్నం వేసిన తెల్ల గోడలది. అవి వెలుగును చెదరగొట్టి నా నీడలో పోస్తున్నాయి. మూడు వైపులా ముదురు నీలం దుప్పట్లు కట్టాను. నీడ చిక్కబడింది.

దీపం, వైరు, హోల్డరు 230. చివరి మొత్తం రూ. 2,940. ఇందులో వృథా: మొదటి థర్మకోల్‌లో సగం 270, స్ప్రే 500, నైలాన్ 60, చవక కొక్కెం 15, మోటారు 180. కలిపితే రూ. 1,025, మూడో వంతుకు పైనే.

వానలు పడ్డాక

జూలైలో నాలుగు రోజులు ముసురు. ఐదో రోజు దుకాణం తెరిచి చూస్తే తల వంగి ఉంది. దింపి తూచాను, 214 గ్రాములు. ఛాతీ, చేయి మారలేదు. మెడ కింద పగులు ముఖానికి వార్నిష్ వేయడం మరిచాను, అక్కడి కాగితం చెమ్మ పీల్చింది. రింగును తల వైపు 4 మి.మీ. జరిపితే మళ్లీ సమంగా నిలిచింది.

వార్నిష్ బ్రష్ చేతిలో ఉండగానే మేనకోడలు వచ్చి ఆపింది. నోటుబుక్కు తీసి అప్పటికప్పుడు రాసుకుంది: వానాకాలంలో దేవుడి తల బరువెక్కుతుంది, ఊళ్లు తూర్పుకు జరుగుతాయి.

మెడ అలాగే వదిలేశాను. కడ్డీ మీద రింగు దగ్గర పెన్సిలుతో రెండు గీతలున్నాయి, ఎండకు ఒకటి, వానకు ఒకటి.